తొమ్మిది గళ్ల బహుమతి

సంపాదకుల వారికి,

నమస్కారం. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో 33 ఏళ్లు పోస్ట్‌మ్యాన్‌గా సైకిల్ తొక్కి రిటైరైనవాణ్ని. మీ పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. జరిగినదాంట్లో మా ఇంటి తప్పు కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

కిందటి నెల మా ఆవిడ ఫోన్‌కి ఒక లింకు వచ్చింది. పంపింది ఎవరో కాదు, మా వియ్యపురాలే. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ వార్షికోత్సవమట, నాలుగు ప్రశ్నలకు జవాబు చెబితే మిక్సీ ఉచితమట. ప్రశ్నలు కూడా ఏపాటివి? మీరు ఆడా మగా, మీ వయసెంత, మా దుకాణం మీకు తెలుసా అని. అవి కాగానే తొమ్మిది పెట్టెలు వచ్చాయి. ఒకటి నొక్కితే ఖాళీ. రెండోదీ ఖాళీ. మూడోది నొక్కగానే తెర నిండా రంగు కాగితాలు రాలాయి, మిక్సీ మీదే అంది. కాకపోతే ఈ శుభవార్త అయిదు గ్రూపులకో ఇరవై మందికో పంపితేనే ఇంటికొస్తుందట. మా ఆవిడ అక్కచెల్లెళ్ల గ్రూపుకి, పాత ఇరుగుపొరుగు గ్రూపుకి, భజన బృందానికి, ఇలా అయిదింటికీ పంపేసింది. నేను పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను. తలెత్తి చూడలేదు.

భజన బృందంలో మా వీధిలో జాకెట్లు కుట్టే అమ్మాయి ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపితే ఆమె తెరిచేది కాదు. "పిన్నిగారు పంపారు కదా అని నొక్కాను బాబాయిగారూ" అంది తర్వాత. ఆమె కూడా గెలిచింది. చివర్లో డెలివరీ ఖర్చు 49 రూపాయలు కట్టమంటే కార్డు నంబరు, వెనక మూడంకెలు ఇచ్చింది. ఓటీపీ వచ్చింది. ఆ మెసేజ్ మర్నాడు నాకు చూపించింది. అందులో 9,800 రూపాయలు అని స్పష్టంగానే ఉంది. మిషను మీద సగం కుట్టిన చెయ్యి ముక్క, ఒళ్లో ఏడుస్తున్న చంటివాడు. ఆమె కళ్లు ఆ ఆరంకెల కోసమే వెతికాయి, పక్కనున్న మొత్తం చూడలేదు. పెళ్లిళ్ల సీజనుకు లైనింగ్ గుడ్డ తెచ్చుకోవడానికి దాచుకున్న డబ్బది.

సిగ్గుపడి ఆ రాత్రంతా ఎవరికీ చెప్పలేదు. మర్నాడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. డబ్బు ఇంకా చేతులు మారకముందే, గంటలోపు చెబితే ఆపే వీలు ఎక్కువ. ఓటీపీ మన చేత్తో మనమే ఇస్తే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మన నష్టమే. ఇవన్నీ నాకు తర్వాతే తెలిశాయి. ఇప్పటికైతే రూపాయి రాలేదు.

ఇంజినీరింగ్ చదువుతున్న మా మనవడు సెలవులకు వచ్చినప్పుడు, సిమ్ తీసేసిన పాత ఫోన్‌లో ఆ లింకు తెరిచి చూపించాడు. (మీరెవరూ చేయకండి, వాడికీ రెండు మాటలు అన్నాను.) నాలుగుసార్లు ఆడాడు. ఏ మూల పెట్టెలు నొక్కినా మొదటి రెండూ ఖాళీ, మూడోదానికి మిక్సీ. వయసు పన్నెండని చెప్పినా మిక్సీయే. పంపమన్నప్పుడు ఎవరికీ పంపకుండా ఊరికే బటన్ నొక్కి వెనక్కి వస్తే చాలు, ఎంతమందికి పంపామో చూపించే నీలం గీత నిండిపోతోంది. కింద "నాకు నిన్ననే అందింది, థ్యాంక్స్" అని ఎవరో రాసినట్టుంది, 5 నిమిషాల క్రితం అని. అరగంట తర్వాత చూసినా అది 5 నిమిషాల క్రితమే.

అది చూడగానే నాకు 1980ల నాటి వారపత్రికల ప్రకటనలు గుర్తొచ్చాయి. అప్పుడూ తొమ్మిది గళ్లే! ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు నింపాలి, ఎటు కూడినా 15 రావాలి. గెలిచినవారికి ట్రాన్సిస్టర్ ఉచితం, ప్యాకింగు, పోస్టేజీ మాత్రం మీవి. మధ్య గడిలో 5 వేస్తే అయిదో తరగతి పిల్లాడైనా నింపేస్తాడు. అంటే అందరూ గెలుస్తారు. నెల తిరిగేసరికి ఎక్కడో ఉత్తరాది ఊరి నుంచి వీపీపీ పార్సిల్ దిగేది. వీపీపీ అంటే తెలుసుగా, సరుకు డబ్బు పోస్ట్‌మ్యాన్‌కి కట్టి తీసుకునే పార్సిల్, డబ్బు కట్టిందాకా విప్పి చూడనివ్వకూడదు. అది రూలు.

ఒక ఇంట్లో పదో తరగతి కుర్రాడు అలా గెలిచాడు. 75 రూపాయలు కట్టాలి. తల్లి రెండు కోళ్లు అమ్మి తెచ్చింది. నేను లెక్కపెట్టి తీసుకుని, సంతకం చేయించి పార్సిల్ ఇచ్చాను. గోనెగుడ్డ, దాని కింద అట్టపెట్టె, పెట్టెలో హిందీ పేపరు చుట్టిన ఇటుక ముక్క. ఆ తల్లి కంపెనీవాణ్ని ఏమీ అనలేదు, వాడెక్కడున్నాడో ఆమెకేం తెలుసు. "నువ్వు తెచ్చావని తీసుకున్నానయ్యా" అంది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంటి ముందు సైకిల్ బెల్లు కొట్టకుండా వెళ్లేవాణ్ని.

ఇన్నేళ్లకు అదే మాట మా ఆవిడ పడింది. ఆ రోజుల్లో ఆ మోసగాడికి కనీసం తపాలా శాఖ కావాలి, స్టాంపులు కావాలి. ఇప్పటివాడు బట్వాడా కూడా మన చేతే చేయిస్తున్నాడు, పైసా ఇవ్వకుండా. వాడికి కావలసింది మన ఫోన్‌లో ఉన్న పేర్లు కాదు, ఆ పేర్లవాళ్లకు మన మీద ఉన్న గురి.

ఇలాంటివాటిలో పెద్ద పేర్లు వాడుకోవడం మామూలే. 2021లో టాటా గ్రూప్ 150వ వార్షికోత్సవం, కారు గెలుచుకోండి అని ఒక మెసేజ్ దేశమంతా తిరిగింది. ఆ ప్రచారంతో మాకు సంబంధం లేదని టాటా వాళ్లే ప్రకటించాల్సి వచ్చింది. టాటాల వ్యాపారం మొదలైంది 1868లో. అప్పటికి 153 ఏళ్లు. పంపినవాడికి కూడిక కూడా రాదు, మనం తీసివేత చేయలేదు.

రిఫరల్, అంటే తెలిసినవాళ్లను చేర్పిస్తే డబ్బిచ్చే పద్ధతి, అన్న ప్రతిదీ మోసమని నేననను. ఇప్పటి గూగుల్ పే తేజ్ పేరుతో వచ్చిన కొత్తలో, 2017లో, మా అల్లుడు పంపిన లింకుతో చేరి మొదటిసారి డబ్బు పంపితే నాకు 51, అతనికి 51 పడ్డాయి. ముందు నువ్వు కట్టు అని ఎవరూ అనలేదు. ఎన్ని గ్రూపులకు పంపావని లెక్క అడగలేదు. బహుమతి పంపేవాడు మన దగ్గర డెలివరీ ఖర్చు అడగడమేమిటి? పోస్టాఫీసులో ఇన్నేళ్లు పనిచేసినవాణ్ని, పంపేవాడే స్టాంపు అంటిస్తాడని నాకు తెలుసు.

మీకొక మనవి. ఇలాంటి లింకులు పండగల ముందు మరీ ఎక్కువ తిరుగుతాయి. దసరాకు, దీపావళికి, సంక్రాంతికి రెండు రోజుల ముందు, మొదటి పేజీలో చీరల ప్రకటన పక్కనే ఒక చిన్న పెట్టె కట్టి 1930 నంబరు పెద్ద అక్షరాల్లో వేయండి. దాని కింద "ఓటీపీ వచ్చినప్పుడు పక్కనున్న మొత్తం చదవండి" అన్న ఒక్క ముక్క చాలు. మీరు వేస్తే, దాన్ని ఫోటో తీసి ఆ అయిదు గ్రూపుల్లోనూ పెడతానని మా ఆవిడ అంటోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్ట్‌మ్యాన్, తెనాలి