ఇల్లు కట్టింది బిల్డరు, జరిమానా మాకా? ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున రాస్తున్నాను. బిల్డరు కట్టిన తీరుకి ఇంధన పొదుపు చట్టం కింద మాకు జరిమానా పడుతుందా అని అర్జీలు పెట్టాం, ఈమెయిళ్లు పంపాం, కనిపించిన ప్రతి కౌంటర్ దగ్గరా నిలబడ్డాం. కొన్నాళ్లకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని. ఏం పరిష్కరించారో మాకు తెలీదు, పంపినవాళ్లకి తెలుసని కూడా నమ్మకం లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను, మరోలా అనుకోకండి.

ఇంధన పొదుపు చట్టం 2022 సవరణతో ఇళ్ల దాకా వచ్చిందని మీకు వేరే చెప్పక్కర్లేదు. మాకు మాత్రం మా వాట్సాప్ గ్రూపులో ఎవరో "10 లక్షల ఫైన్ అంట" అని పెట్టేదాకా తెలీదు. పుకారేమో అనుకుని చట్టం తీసి చదివాం. పుకారు కాదు. సెక్షన్ 26, ఒక్కో ఉల్లంఘనకి 10 లక్షల దాకా. 2001లో చట్టం వచ్చినప్పుడు 10 వేలు, 2010లో 10 లక్షలు చేశారు. అప్పట్లో ఫ్యాక్టరీలు, పెద్ద పెద్ద కమర్షియల్ బిల్డింగుల గొడవ అది. ఇప్పుడు అదే కత్తి తెచ్చి ఈఎంఐలు కట్టుకునేవాళ్ల మెడ మీద పెట్టారు.

సరే, ఆ పది లక్షలు ఎవరు కట్టాలి సార్? ఈ చట్టం కింద కోడ్ అని ఒకటుంది, కరెంటు ఎక్కువ కాలకుండా బిల్డింగ్ ఎలా ఉండాలో చెప్పే రూల్స్. అది పాటించాలని ఆదేశించేది బిల్డింగ్ యజమానిని, లేదా అందులో ఉంటున్నవాళ్లని. కట్టి అమ్మేసి వెళ్లిపోయినవాడి పేరు ఆ వరుసలో ఎంత వెతికినా మాకు కనపడలేదు. మా దాంట్లో సగం ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలో ఉంటారు. మెయింటెనెన్స్ బకాయిలే వసూలు కావు, వాళ్ల దగ్గర జరిమానా ఎవరు వసూలు చేస్తారు? అద్దెకున్నవాళ్లు కట్టాలంటారా? కురచగా కుట్టిన దర్జీని వదిలేసి, చొక్కా తొడుక్కున్నవాడికి ఫైన్ వేసినట్టుంది.

మా ఫ్లాట్ సంగతే చెప్తాను. పడమటి బెడ్రూమ్ గోడ మీద మే నెలలో రాత్రి పదింటికి చెయ్యి పెడితే ఇంకా వేడిగానే ఉంటుంది. కిటికీకి సన్‌షేడ్ లేదు, బిల్డింగ్ ముందు భాగం బాగా కనపడాలని తీసేశారట. దాని బదులు నేల దాకా పెద్ద అద్దం పెట్టారు, అందులో తెరుచుకునేది ఒక పక్క రెక్క మాత్రమే. మధ్యాహ్నం మూడు దాటితే ఆ గదిలో ఏసీ కంప్రెసర్ ఆగడమనేది ఉండదు. బ్రోషర్‌లో మాత్రం ప్రతి పేజీలో పచ్చటి ఆకు బొమ్మ, "గ్రీన్ లివింగ్" అని. (ఏసీలు 20 డిగ్రీల కిందికి వెళ్లకుండా రూలు తెస్తామని 2025 జూన్‌లో కేంద్ర మంత్రి గారు అన్నారు. మా గదిలో 20 రావాలంటే ముందు ఆ గోడతో మాట్లాడాలి.)

ఇళ్లకి పెట్టిన కోడ్ పేరు ఎకో నివాస్ సంహిత, అందులో ఏం రాశారో కూడా చూశాం. గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడి చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదు. హైదరాబాద్ లాంటి వాతావరణంలో కార్పెట్ ఏరియాలో కనీసం 12.5 శాతం మేర తెరుచుకునే కిటికీలు, తలుపులు ఉండాలి. శ్లాబుకి వేరే లెక్క ఉంది. చాలా మంచి రూల్స్ సార్, ఎండకి ఉడికేది మేమే కాబట్టి వద్దని ఎందుకంటాం? కానీ ఇవన్నీ ఇల్లు కట్టకముందు కాగితం మీద గీసేటప్పుడు తేలాల్సినవి. గోడ మందం, కిటికీ సైజు, సన్‌షేడ్, ఏ ఇటుక వాడాలి, వీటిలో ఒక్కటైనా కొనేవాణ్ని అడిగి పెడతారా? ఇప్పుడు మార్చుకోమంటే బయటి గోడ నా ఒక్కడిది కాదు. దాని మీద పొర వేయాలన్నా, షేడ్ కట్టాలన్నా అసోసియేషన్ తీర్మానం కావాలి, అనుమతులు కావాలి, పై అంతస్తుల దాకా పరంజా కట్టాలి. కార్పస్ ఫండ్‌లో, అంటే పెద్ద ఖర్చులకని అందరం కలిసి దాచుకున్న డబ్బులో, ఉన్నది లిఫ్టు రిపేర్లకే చాలదు. బిల్డరు ఫోన్ ఎత్తడు. ప్లాన్ పాస్ చేసినవాళ్లు, ఇక ఇంట్లో ఉండొచ్చని ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఇచ్చినవాళ్లు హాయిగానే ఉన్నారు.

ఇంకో చిక్కుంది. కోడ్ వర్తించాలంటే కనెక్టెడ్ లోడ్, అంటే కనెక్షన్ మీదున్న మొత్తం కరెంటు లోడ్, కనీసం 100 కిలోవాట్లు ఉండాలి, లేదా కాంట్రాక్ట్ డిమాండ్, అంటే కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం, 120 కేవీఏ ఉండాలి. మాది 40 ఫ్లాట్లు, ఒక్కోటి 5 కిలోవాట్లు. విడివిడిగా చూస్తే ఎవరూ ఆ దరిదాపుల్లోకి రారు. అన్నీ కలిపితే 200, దాని మీద లిఫ్టులు, బోరు మోటార్లు, మురుగు నీళ్లు శుద్ధి చేసే ఎస్‌టీపీ. కామన్ మీటరొక్కటే చూస్తే మళ్లీ చాలా తక్కువ. ఏది లెక్క? ఒక ఆఫీసులో కామన్ మీటరే అన్నారు, ఇంకో చోట ట్రాన్స్‌ఫార్మర్ చూడాలన్నారు, మూడో చోట "అది మా పరిధి కాదు" అన్నారు. ఆ హద్దుని ఇంకా కిందికి దించే అధికారం రాష్ట్రాలకి ఉంది. మీరు దించుతారా? దించితే ఎంతకి? ఇప్పటికే కట్టేసిన మాలాంటి వాటి సంగతేంటి? పొరపాటున ఫైన్ పడితే విద్యుత్ నియంత్రణ మండలి సభ్యుడి ముందు విచారణ, అది నచ్చకపోతే అప్పీలుకి ఢిల్లీలోని ట్రిబ్యునల్. రిటైరైన పెద్దవాళ్లు నడిపే అసోసియేషన్లు సార్ ఇవి. లాయరు ఫీజు తలుచుకుంటేనే టెన్షన్.

బిల్డర్ని బాధ్యుణ్ని చేయడం చేతకాదని మాత్రం అనకండి. ఇళ్లు కొనేవాళ్ల కోసం తెచ్చిన రెరా చట్టంలో చేశారు కదా! ఫ్లాట్ అప్పగించాక ఐదేళ్ల లోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడితే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలని రాశారు. వేడి పీల్చే గోడ లోపం కాదా మరి? మన రాష్ట్రమే 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, పైకప్పు ఎండ వేడిని పీల్చకుండా ఉండాలని. 600 గజాలూ ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకి తప్పనిసరి, అది ఉంటేనే ఓసీ అన్నారు. అదే పద్ధతి దీనికీ పెట్టండి. ఓసీ దగ్గర ఆపండి, మా గేటు దగ్గర కాదు.

మీరు "చట్టం కేంద్రానిది" అంటారని తెలుసు. ఢిల్లీ వాళ్లని అడిగితే "అమలు రాష్ట్రాలది" అంటారు. మధ్యలో మేం ఎవర్ని అడగాలి? దయచేసి ఒక్క సర్క్యులర్ ఇప్పించండి, తెలుగులో, సంతకంతో. లోడ్ ఎలా లెక్కిస్తారు, పాత అపార్ట్‌మెంట్లకి వర్తిస్తుందా లేదా, కట్టినవాడు చేసిన తప్పుకి కొన్నవాడి మీద జరిమానా వేస్తారా వేయరా, ఈ మూడూ అందులో ఉండాలి. వచ్చే నెల మా జనరల్ బాడీ ఉంది. లిఫ్టు మార్పించాలా, ఆ డబ్బు జరిమానా కోసం పక్కన పెట్టుకోవాలా అన్నది అజెండాలో మొదటి అంశం. మీ జవాబు వచ్చేదాకా ఓటింగ్ పెట్టొద్దని కొందరు పట్టుబడుతున్నారు, ఎన్నాళ్లు ఆపమంటారో అదైనా చెప్పండి.

ఇట్లు
అసోసియేషన్ కార్యదర్శి, హైదరాబాద్