బిట్టు పోయింది సెన్సార్ వల్లే కాదు

సంపాదకుడికి,

మలయాళ చవక 'ఏ' సినిమాలను సెన్సార్ కత్తెరే చంపిందంటారు. సగమే నిజం. 2000లో షకీలా 'కిన్నారతుంబికళ్' ఆడాక ఆ బాపతు డబ్బింగులు మన మార్నింగ్ షోలకూ పాకాయి. సెన్సార్ సర్టిఫికెట్ వచ్చాక ప్రింటులో బిట్లు, అంటే సెన్సార్ చూడని అశ్లీల ముక్కలు, అతికించేవారు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండు నిమిషాల బిట్టంటే 180 అడుగులు. ఫిల్ముపై శబ్దం బొమ్మకంటే సుమారు 20 ఫ్రేములు ముందుంటుంది, అందుకే అతుకు దగ్గర దాదాపు సెకను మాట, బొమ్మ పొసగవు. అతుకు వదులైతే ప్రొజెక్టర్ గేటులో (ఫిల్ముపై వెలుగు పడే చోట) తెగేది, హాలంతా ఈలలు! 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం 7వ సెక్షన్ కింద ఇలా బిట్లు అతికించడం నేరమే. తర్వాత సీడీలు, నెట్ సెంటర్లు వచ్చాయి. అదే సరుకు చాటుగా దొరుకుతుంటే, మొహం దాచుకుంటూ టికెట్టు క్యూలో నిలబడేదెవరు?

– పాత ప్రొజెక్టర్ ఆపరేటర్లు, నారాయణగూడ, హైదరాబాద్