వియన్నాలో రాసుకున్న చిన్న షరతులు

సంపాదకులు గారికి,

నమస్కారం. యుద్ధాలు, సంధుల గురించి మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. అందులో 1814-15 నాటి వియన్నా సమావేశాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. రాజులంతా చేరి విందులు చేసుకుని, నాట్యాలాడి, దేశాలు పంచుకుని వెళ్లారట. పంచుకున్న మాట నిజమే. అక్కడితో ఆపేస్తే మాత్రం ఆ సమావేశానికీ, చదివే పిల్లలకీ అన్యాయం చేసినట్టే. అందుకే ఈ ఉత్తరం.

నేను పర్లాకిమిడిలో దస్తావేజు లేఖరిని. ఇంట్లో తెలుగు, పనిలో ఒడియా. అన్నదమ్ముల పంపకాల కాగితాలు రాయడం నా బతుకుతెరువు. ఎవరికెన్ని ఎకరాలన్న దగ్గర పెద్దలు రాజీ కుదురుస్తారు. కాలువ నీళ్ల వంతు ఎవరిది, బండి బాట ఎవరు వాడుకోవాలి అన్నది రాయకుండా వదిలేసిన కాగితమే తర్వాత కోర్టుకెక్కుతుంది. వియన్నా ఒప్పందాన్ని నేను ఆ కంటితోనే చదివాను.

1792 నుంచి ఇరవై ఏళ్లకు పైగా యూరప్ యుద్ధాల్లో నలిగిపోయింది. 1814 మార్చి 31న ఫ్రాన్స్ మీద పోరాడుతున్న మిత్రరాజ్యాల సేనలు పారిస్‌లోకి వచ్చాయి. ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్‌ని ఎల్బా దీవికి పంపేశారు. మే 30న కుదిరిన పారిస్ సంధిలో ఫ్రాన్స్‌కి 1792 నాటి హద్దులు ఉంచారు, నష్టపరిహారం అడగలేదు. మిగిలిన లెక్కలు తేల్చుకోవడానికి సెప్టెంబరులో వియన్నా చేరారు. ఆస్ట్రియా నుంచి మెటర్నిక్, బ్రిటన్ నుంచి కాసిల్‌రే, జర్మన్ రాజ్యమైన ప్రష్యా నుంచి హార్డెన్‌బర్గ్, రష్యా తరఫున జార్ అలెగ్జాండర్ స్వయంగా. ఓడిన ఫ్రాన్స్ నుంచి టాలిరాండ్ కూడా వచ్చాడు. ఓడినవాడిని రానివ్వడమే నా దృష్టిలో మొదటి మంచి పని. 1919లో వర్సాయ్ సంధి షరతులు తయారు చేసేటప్పుడు జర్మనీని ఆ గదిలోకి రానివ్వలేదు. ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలుసు.

గెలిచినవాళ్లు కలిసికట్టుగా ఉన్నారా అంటే అదీ లేదు. పోలండ్ కావాలని జార్, పక్కనున్న శాక్సనీ రాజ్యం మొత్తం కావాలని ప్రష్యా పట్టుబట్టారు. టెన్షన్ ఎంతవరకు వెళ్లిందంటే, 1815 జనవరి 3న బ్రిటన్, ఆస్ట్రియా కలిసి ఫ్రాన్స్‌తోనే రహస్య ఒప్పందం చేసుకున్నాయి. అది రష్యా, ప్రష్యాల మీదికే. అంతా కలిసి పారిస్ పట్టుకుని ఏడాది కూడా కాలేదు! చివరికి ప్రష్యా శాక్సనీలో కొంత భాగంతో సరిపెట్టుకుంది, జార్ పోజ్నాన్ ప్రాంతాన్ని ప్రష్యాకు వదిలాడు, క్రాకోవ్ ఎవరికీ చెందని స్వతంత్ర నగరమైంది. మార్చిలో నెపోలియన్ ఎల్బా నుంచి తిరిగొచ్చి, ఆ రహస్య కాగితం నకలు పారిస్‌లో దొరికితే జార్‌కి పంపాడు. చదివాక కూడా జార్ కూటమిని విడిచిపెట్టలేదు. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది అక్కడే.

రాయబారుల్లో ఎవరు ముందు నడవాలి అన్న చిన్న విషయం కూడా తేల్చారు. నవ్వి వదిలేసే సంగతి కాదిది. 1661లో లండన్‌లో స్వీడన్ రాయబారికి స్వాగతం పలికే ఊరేగింపులో తమ బండి ముందుండాలంటే తమ బండి ముందుండాలని ఫ్రాన్స్, స్పెయిన్ రాయబారుల మనుషులు కొట్టుకున్నారు. ప్రాణాలే పోయాయి. 1815 మార్చి 19న వియన్నాలో దీనికి నియమం రాశారు. ఒకే హోదా ఉన్న రాయబారుల్లో ఎవరు ముందుగా వచ్చి తమ రాకను అధికారికంగా తెలియజేస్తారో వాళ్లు ముందు. వాళ్ల రాజు ఎంత గొప్పవాడన్నది లెక్కలోకి రాదు. 1961లో అదే వియన్నాలో ఈనాటి దేశాలు కుదుర్చుకున్న ఒడంబడికలోనూ ముందు బాధ్యత తీసుకున్నవారే ముందు అన్న పద్ధతే ఉంది.

తుది ఒప్పందంలో 121 అధికరణాలు. 1815 జూన్ 9న సంతకాలయ్యాయి. వాటర్లూ యుద్ధానికి ఇంకా తొమ్మిది రోజులుంది. నెపోలియన్ రెండోసారి ఓడాక ప్రష్యా వాళ్లు ఫ్రాన్స్ నేల గట్టిగా కోసుకోవాలన్నారు. కాసిల్‌రే, బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ అడ్డుపడ్డారు. నవంబరు 20 నాటి రెండో పారిస్ సంధిలో ఫ్రాన్స్ మీద 70 కోట్ల ఫ్రాంకుల పరిహారం పడింది, లక్షా యాభై వేల మంది పరాయి సైనికులు ఫ్రాన్స్ నేల మీద ఉండాలన్నారు. శిక్ష చిన్నదేం కాదు. అయితే దానికి గరిష్ఠంగా ఐదేళ్ల గడువు రాశారు. 1818లో జర్మన్ పట్టణం ఆఖెన్‌లో మళ్లీ కూర్చుని, గడువుకి ముందే సైన్యాన్ని వెనక్కి పిలిచారు, ఫ్రాన్స్‌ని తమ సరసన కూర్చోబెట్టుకున్నారు.

ఆ ‘మళ్లీ కూర్చోవడం’ దానంతట అది జరగలేదు. రెండో పారిస్ సంధి కుదిరిన రోజునే గెలిచిన నాలుగు రాజ్యాలు వేరే ఒప్పందం చేసుకున్నాయి. అందులో ఆరో అధికరణం ప్రకారం నిర్ణీత కాలాల్లో కలుసుకుని శాంతి ఎలా ఉందో చూసుకోవాలి. అంతకు ముందు యూరప్‌లో సంతకాలు పెట్టి ఇంటికి పోవడమే పద్ధతి. తర్వాత చాలా యుద్ధాలే వచ్చాయి, 1853లో క్రిమియా దాకా. కానీ పెద్ద రాజ్యాలన్నీ ఒకేసారి దిగిన యుద్ధం మాత్రం 1914 వరకు రాలేదు.

వాళ్లు చేసిన తప్పుల్ని నేను వెనకేసుకు రావడం లేదు. ఏ ముక్కలో ఎంతమంది ఉన్నారో లెక్క కట్టడానికి ఒక సంఘాన్నే వేశారు, ఆ జనంలో ఒక్కరినీ మీకేం కావాలని అడగలేదు. 1830లో బెల్జియం తిరగబడింది, పోలండ్ తిరగబడింది. 1821లో నేపుల్స్ ప్రజలు సాధించుకున్న రాజ్యాంగాన్ని ఆస్ట్రియా సైన్యం వచ్చి తుడిచేసింది. అడగకుండా గీసిన గీత ఎలా ఉంటుందో మా పర్లాకిమిడి వాళ్లకి ఒకరు చెప్పాలా? 1936 ఏప్రిల్ 1న ఒకే జమీందారీని రెండు ముక్కలు చేశారు. పట్టణం ఒడిశాకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. మేనమామలు అటు, మేనల్లుళ్లు ఇటు.

ఇక మీ వ్యాసంలో పేరు కూడా రాని రైన్ నది సంగతి. ఆ నది పొడవునా ఒడ్డునున్న ప్రతి దొరా సుంకం వసూలు చేసేవాడు. కొలోన్, మైంజ్ నగరాలకైతే, దాటే సరుకంతా దింపించి తమ ఊళ్లో అమ్మకానికి పెట్టించే హక్కు కూడా ఉండేది. వియన్నా ఒప్పందంలో 108 నుంచి 116 వరకు అధికరణాలు నదుల మీదే. ఒకటికి మించి రాజ్యాల గుండా పారే నదిలో వ్యాపారానికి ఎవరి పడవైనా తిరగొచ్చు, సుంకాలు అందరూ కలిసి నిర్ణయించాలి. రైన్‌కి ఒడ్డు రాజ్యాల ప్రతినిధులతో ఒక కమిషన్ వేశారు. 1816 ఆగస్టులో మైంజ్‌లో మొదటిసారి కూర్చుంది. వివరమైన నియమాలు కుదరడానికి 1831 వరకు పట్టింది. పదిహేనేళ్ల పాటు వాదించుకున్నారు, లేచిపోలేదు. 1868లో మాన్‌హైమ్‌లో వాటిని సవరించుకున్నారు. రెండు ప్రపంచ యుద్ధాలు ఆ నది మీదుగానే పోయాయి. ఆ కమిషన్ ఇప్పుడు స్ట్రాస్‌బర్గ్‌లో ఉంది, పనిచేస్తూనే ఉంది.

మా వంశధార నది కలహండి జిల్లా లాంజిగఢ్ కొండల్లో పుట్టి, గుణుపురం, కాశీనగర్ మీదుగా వచ్చి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీళ్లు చెరిసగమని ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాలూ 1962లోనే అనుకున్నాయి. ఆ నది మీద ఆంధ్ర కట్టాలనుకున్న నేరడి బ్యారేజీ దగ్గర తగువు తెగక ట్రిబ్యునల్‌కి వెళ్లింది, 2017లో తీర్పు వచ్చింది. 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిశారు. నేరడి, రెండు రాష్ట్రాలూ మావే అంటున్న కొఠియా గ్రామాలు, జంఝావతి ప్రాజెక్టు గురించి మాట్లాడుకుని, ఇద్దరు ప్రధాన కార్యదర్శులతో కమిటీ అన్నారు. మంచిదే. ఆ కబురు విని ఇక్కడ మేమంతా సంతోషించాం. కానీ ఒక్క సమావేశంతో నది తగువు తీరదు. నాకు కావలసింది వంశధారకి ఒక శాశ్వత కార్యాలయం, ఏడాదిలో ఫలానా నెలల్లో కూర్చుని తీరాలన్న రాతపూర్వకమైన షరతు, అందులో రెండు ఒడ్డుల రైతులకీ చోటు.

మీ పత్రిక రైన్ కమిషన్ మీద ఒక నిండు వ్యాసం వేయాలని నా మనవి. అలాగే 2021లో అనుకున్న కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, మళ్లీ ఏ తేదీన కూర్చుంటుంది అని రెండు ప్రభుత్వాలనీ అడగండి. వచ్చిన జవాబు శ్రీకాకుళం, మన్యం జిల్లాల పేజీల్లోనే కాదు, మాకొచ్చే ఒడిశా పేజీలో కూడా వేయండి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా