ఆగితే ఆగేది గల్ఫ్ స్ట్రీమ్ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

అట్లాంటిక్ ప్రవాహం గురించి మీ సైన్స్ పేజీలో వచ్చిన ఆర్టికల్ చదివాను. తెలుగులో ఇలాంటివి వేసేవాళ్లే తక్కువ, అందుకు థాంక్స్. కానీ హెడ్డింగ్‌లో 'గల్ఫ్ స్ట్రీమ్ ఆగిపోతుందా?' అని పెట్టి లోపలంతా ఏఎంఓసీ గురించి రాశారు, రెండూ ఒకటే అన్నట్టు. ఒకటి కాదు సార్. గల్ఫ్ స్ట్రీమ్ అంటే అమెరికా తూర్పు తీరం వెంట పారే వెచ్చటి ప్రవాహం, ఏఎంఓసీ అంటే అట్లాంటిక్ నీళ్లు పైనుంచి లోతుకీ, లోతునుంచి పైకీ తిరిగే పెద్ద తిరుగుడు. పైగా ఈ రెండింటి వెనకా ఉన్న అసలు ఐడియాలు ఇచ్చింది హెన్రీ స్టామెల్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త, ఆయన పేరు ఎక్కడా లేదు, 'శాస్త్రవేత్తలు అంటున్నారు' అని ఒక్క ముక్కతో సరిపెట్టేశారు.

ముందు గల్ఫ్ స్ట్రీమ్ సంగతి. ఏ మహాసముద్రం చూసినా పడమటి ఒడ్డు పక్కన ప్రవాహం సన్నగా, మంచి జోరుగా ఉంటుంది, అట్లాంటిక్‌లో గల్ఫ్ స్ట్రీమ్, పసిఫిక్‌లో జపాన్ పక్కన కురోషియో, అదే తూర్పు వైపు నీళ్లు మాత్రం వెడల్పుగా నింపాదిగా పోతుంటాయి. గాలేమో సముద్రం మొత్తం మీద వీస్తోంది, మరి ఈ తేడా ఎందుకు? 1948లో స్టామెల్ దీనికి జవాబు రాసేటప్పటికి ఆయన వయసు 27, పీహెచ్‌డీ లేదు, తర్వాత కూడా చెయ్యలేదు. కాగితం మీద నలుపలకల సముద్రం ఒకటి ఊహించుకుని లెక్క మూడుసార్లు చేశాడు. భూమి తిరగట్లేదు అనుకుంటే సుడి రెండు వైపులా సమానంగా వచ్చింది, భూమి తిరుగుడు ప్రభావం అన్నిచోట్లా ఒకేలా ఉంది అనుకున్నా అంతే, కానీ ఆ ప్రభావం ధ్రువం వైపు పోయేకొద్దీ పెరుగుతుంది (నిజంగా జరిగేది అదే) అని పెట్టగానే ప్రవాహమంతా వెళ్లి పడమటి గోడకి ఒత్తుకుపోయింది. అంటే గాలి వీస్తూ భూమి తిరుగుతున్నంత కాలం గల్ఫ్ స్ట్రీమ్ ఉంటుంది, తగ్గొచ్చు పెరగొచ్చు గానీ ఆగిపోదు. ఫ్లోరిడా దగ్గరే సెకనుకి దాదాపు 3 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు పోతున్నాయి.

భయపడాల్సింది రెండోదాని గురించి, అంటే ఏఎంఓసీ గురించి: ఉత్తరాన చల్లబడి బరువెక్కిన నీళ్లు లోతుకి దిగి దక్షిణానికి పోవడం, ఆ ఖాళీలోకి పైన వెచ్చటి నీళ్లు రావడం, ఈ తిరుగుడు. దీని మీద స్టామెల్ 1961లో ఒక చిన్న పేపర్ రాశాడు, అందులో ఉన్నవి రెండు డబ్బాలే. ఒకదాంట్లో వేడి ఉప్పు నీళ్లు (భూమధ్యరేఖ వైపు సముద్రం అనుకోండి), ఇంకోదాంట్లో చల్లటి, ఉప్పు తక్కువ నీళ్లు (ఉత్తరాది సముద్రం), అడుగున ఒక సన్నటి ట్యూబు, పైన పొర్లడానికి దారి. వేడి వల్ల నీళ్లు తేలికవుతాయి, ఉప్పు వల్ల బరువెక్కుతాయి, కాబట్టి రెండూ చెరోవైపు లాగుతుంటాయి. ప్రవాహం జోరుగా ఉంటే ఉప్పులో తేడా పెరిగేలోపే నీళ్లు కలిసిపోతాయి, వేడిదే పైచేయి. అదే ఏదో కారణంతో నెమ్మదించిందా, ఉప్పు తేడా పేరుకుంటుంది, దాంతో ఇంకా నెమ్మదిస్తుంది, దాంతో ఇంకా పేరుకుంటుంది, చివరికి మొత్తం వేరే స్థితిలోకి జారి అక్కడే ఉండిపోతుంది. బయటి పరిస్థితులు ఏమీ మారకపోయినా రెండు స్థితులూ నిలకడగా ఉండగలవు అన్నదే అసలు షాక్. గ్రీన్‌లాండ్ మంచు కరిగి ఉత్తరాన మంచినీళ్లు చేరి ఈ ఉప్పు తేడా పెరిగితే ఏమవుతుందని ఇంత గొడవ అందుకే. నిజం సముద్రం కూడా ఇలా ఒక్కసారిగా గెంతగలదా, గెంతితే వాతావరణం సంగతేంటి అని పేపర్ చివర్లో ఆయనే అడిగి వదిలేశాడు. దాదాపు 20 ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 1988లో మనాబే, స్టౌఫర్ అనే వాతావరణ శాస్త్రవేత్తల కంప్యూటర్ మోడల్‌లో కూడా అవే రెండు స్థితులు బయటపడ్డాయి, ఆ మనాబేకే 2021లో నోబెల్ వచ్చింది.

ఇక ఏఎంఓసీ ఈ శతాబ్దంలోనే ఆగిపోవడం ఖాయం అన్నట్టు రాయడం కూడా తొందరే. 2023లో డెన్మార్క్ పరిశోధకులు ఇద్దరు శతాబ్దం మధ్యలోనే జరగొచ్చని లెక్క కట్టిన మాట నిజమే, కానీ ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2021 రిపోర్టు అది బలహీనపడే అవకాశం చాలా ఎక్కువ, 2100లోపు హఠాత్తుగా కూలిపోదని మాత్రం ఓ మోస్తరు నమ్మకంతో చెప్పగలం అంది. రెండూ వెయ్యాలి కదా.

స్టామెల్ పేపర్లు వెతుక్కుని చదివితే ఈయన ఎక్కడెక్కడ వేలు పెట్టాడో చూసి నవ్వొస్తుంది. మేఘాల మీద రాశాడు, అగ్నిపర్వతం వల్ల 1816లో ఎండాకాలం ఎండాకాలంలా లేకపోవడం మీద భార్యతో కలిసి రాశాడు, మ్యాపుల్లో ఉండి నిజంగా లేని దీవుల మీద కూడా రాశాడు. రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తతో కలిసి స్కాట్లాండ్‌లో ఒక రేవు మీద నుంచి పార్స్‌నిప్ ముక్కలు (తెల్ల క్యారెట్ లాంటి దుంప) జతలు జతలుగా నీళ్లలో వేసి, ఏ జత ఎంత త్వరగా విడిపోతోందో కొలిచాడు, ఆ పేపర్ కూడా 1948దే, మొదటి వాక్యమే రెండు పార్స్‌నిప్ ముక్కల గురించి. ఆ దుంపే ఎందుకంటే తెల్లగా కనిపిస్తుంది, దాదాపు పూర్తిగా మునిగి తేలుతుంది కాబట్టి గాలి తోసెయ్యదు. 1989లో అయితే తాను 2021లో ఉన్నట్టు ఊహించుకుని, సముద్రమంతా తమంతట తామే మునుగుతూ తేలుతూ కొలతలు పంపే యంత్రాల గురించి కథలా రాశాడు. అలాంటి గ్లైడర్లు ఇప్పుడు నిజంగానే తిరుగుతున్నాయి.

కాబట్టి నా రిక్వెస్ట్ ఒక్కటే. హెడ్డింగ్ గురించి ఒక సవరణ వెయ్యండి, వీలైతే దాంతోపాటు ఆ 1961 పేపర్ బొమ్మ కూడా. పెద్ద గ్రాఫిక్స్ ఏమీ అక్కర్లేదు, రెండు డబ్బాలు, కింద ఒక ట్యూబు, పైన ఒక దారి గీస్తే మీ ఆర్టిస్ట్ పని అయిపోయినట్టే.

ఇట్లు,
మీ పాఠకుడు