చిన్నోడి ఆరో వేలు, గ్రహణం గొడవ

బెర్లిన్, డిసెంబర్

అక్కా,

నిన్న వీడియో కాల్‌లోనే చెప్దామనుకున్నా గానీ వెనకాల మీ అత్తగారు తిరుగుతున్నారు, నువ్వేమో చిన్నోడి కుడి చెయ్యి దుప్పట్లో దాచేస్తూనే ఉన్నావు. అందుకే ఉత్తరం. వాడు పడుకున్నాక తీరిగ్గా చదువు.

సెప్టెంబర్ 7 గ్రహణం రాత్రి నువ్వు వంకాయలు తరిగావట, అందుకే బొటనవేలి పక్కన ఇంకో వేలు వచ్చిందట. అప్పటికి నీకు ఏడో నెల కదా. వేళ్ళు తయారవడం మూడో నెల దాటకముందే అయిపోతుంది అక్కా, నువ్వు కత్తిపీట ముందు కూర్చునేసరికి వాడు లోపల ఆ ఆరు వేళ్ళతో హాయిగా ఆడుకుంటూ ఉండుంటాడు. ఈ ఒక్క లెక్క చాలు, మీ అత్తగారితో వాదన కూడా అక్కర్లేదు. అసలు ఆ రాత్రి వంట ఎవరు చెయ్యమన్నారో అది అడగాలి ముందు!

సరే, మరి ఎందుకొచ్చింది? నా పని అదే కాబట్టి కొంచెం సోది భరించు. నాలుగో వారం ప్రాంతంలో చేతులు చిన్న మొగ్గల్లా మొదలవుతాయి. ఆ మొగ్గలో చిటికెన వేలు రావాల్సిన వైపు మాత్రమే ఒక జీన్ పనిచేస్తుంది, దాని పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్, అవును ఆ వీడియో గేమ్ పేరే, పెట్టినవాళ్ళకి సరదా ఎక్కువ. అది తయారుచేసే ప్రోటీన్ ఎక్కడ ఎంత అందిందన్న దాన్ని బట్టి ఏది ఏ వేలో, ఎన్ని వేళ్ళో తేలుతుంది. అది పొరపాటున బొటనవేలి వైపు కూడా వెలిగిందనుకో, అటు ఇంకో వేలు మొలుస్తుంది.

తమాషా ఏంటంటే ఈ జీన్‌ని చేతిలో వెలిగించే స్విచ్ దాని పక్కన లేదు. డీఎన్ఏ దారం మీద దాదాపు 10 లక్షల అక్షరాల దూరంలో, ఎల్ఎంబీఆర్1 అనే ఇంకో జీన్ ఇంట్లో అద్దెకున్నట్టు ఉంటుంది. స్విచ్ మొత్తం సుమారు 800 అక్షరాలు. బల్బు మియాపూర్‌లో స్విచ్ ఎల్బీ నగర్‌లో ఉన్నట్టు. మరి ఎలా వెలుగుతుంది అంటే, ఆ మెట్రో లైన్ తిన్నగా ఉంటేనే కదా దూరం, మడత పెడితే రెండు చివర్లూ పక్కపక్కకి వచ్చేస్తాయి.

డీఎన్ఏ అంతా ఇలా మడతల మీదే బతుకుతుంది. ఒక్క కణంలో సుమారు 2 మీటర్ల దారం, అది ఉండాల్సిన న్యూక్లియస్ మిల్లీమీటర్‌లో నూరో వంతు కూడా ఉండదు చాలాసార్లు, అయినా చిక్కు పడదు. కోహెసిన్ అని ఉంగరం లాంటి ప్రోటీన్ ఒకటి దారాన్ని పట్టుకుని లాగుతూ పోతుంది, ఉచ్చు పెద్దదవుతూ ఉంటుంది, సీటీసీఎఫ్ అనే ఇంకో ప్రోటీన్ కూర్చున్న చోట ఆగుతుంది. అలా దారం గదులు గదులుగా విడిపోతుంది, ఒక గదిలో స్విచ్ ఎక్కువగా ఆ గదిలో జీన్‌నే వెలిగిస్తుంది. వాడకం లేని జీన్లు చాలావరకు న్యూక్లియస్ అంచున గోడకి అతుక్కుని ఉంటాయి, అమ్మ అటక మీద పెట్టిన ఇత్తడి గిన్నెల్లా. పిండం మొదట్లో ఈ గదులు సరిగ్గా ఉండవు, మనుషుల్లో ఎనిమిది కణాలయ్యే వేళకి, అంటే పిండం సొంత జీన్లు గట్టిగా మాట్లాడ్డం మొదలయ్యేటప్పుడు, ఒక్కొక్కటిగా ఏర్పడతాయి.

ఈ గదుల గోడ కూలితే ఏమవుతుందో 2015లో ఇక్కడ బెర్లిన్ వాళ్ళే చూపించారు, కొన్ని కుటుంబాల్లో వేళ్ళు పొట్టిగానో అతుక్కునో ఎక్కువగానో పుట్టడానికి కారణం జీన్ చెడడం కాదు, గోడ పోయి పక్కింటి స్విచ్ వీళ్ళింట్లో బల్బు వెలిగించడం. అలాగని గోడే సర్వం అనుకోకు, సోనిక్ దగ్గర సీటీసీఎఫ్ కూర్చునే చోట్లు తీసేసినా ఎలుకలకి కాళ్ళు మామూలుగానే వచ్చాయి. మా ల్యాబ్‌లో దీని మీద టీ తాగుతూ గంటలు గంటలు కొట్టుకుంటాం.

మన చిన్నోడి విషయంలో నా అనుమానం మాత్రం గోడ మీద కాదు, స్విచ్ మీదే. ఆ 800 అక్షరాల్లో ఒక్కటి మారినా బొటనవేలి వైపు అదనపు వేలు రావచ్చు. హెమింగ్వే పిల్లులని అమెరికాలో ఆరు వేళ్ళ పిల్లులున్నాయి, వాటిదీ ఇదే స్విచ్. పాముల్లో అయితే ఇది పాడైపోయింది, పాము స్విచ్ ఎలుకకి పెడితే పాపం ఎలుకకి కాళ్ళు మొండిగా వచ్చాయి.

టెస్ట్ చెయ్యకుండా ఇదేనని నేను తేల్చను. డాక్టర్ చెప్పిన ఎక్స్‌రే, గుండె చెకప్ మాత్రం మానొద్దు, జెనెటిక్ కౌన్సెలింగ్ గురించి కూడా అడుగు.

ఇంకోటి, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. అమ్మ వాళ్ళ నాన్న, మన తాతయ్య బొటనవేలు గుర్తుందా? మిగతా వేళ్ళలా పొడుగ్గా మూడు కణుపులుండేవి, దాంతో మన ముక్కు పట్టుకుని ఏడిపించేవాడు. అదీ ఈ స్విచ్ తేడాతో వచ్చే లక్షణమే అయ్యుండొచ్చు, ఒకే కుటుంబంలో ఒకరికి బొటనవేలు పొడుగు, ఇంకొకరికి ఆరో వేలు, మరొకరికి ఏమీ కనపడకుండా కూడా పోతుంది. అంటే అమ్మ నుంచి నీ ద్వారా వచ్చిందేమో. తప్పు నీది కాదని చెప్పడానికి కూర్చుని మన వైపే వేలు చూపించినట్టయింది, నవ్వుకో! తాతయ్య నుంచి వచ్చిన అక్షరానికి నువ్వేం చేస్తావు. అమ్మ దగ్గర ఆయన చెయ్యి కనపడే పాత ఫోటో ఉంటే తీసి పంపు, మీ అత్తగారికి ఇప్పుడే చెప్పకు. బావకి చెప్పు, ఆయన అర్థం చేసుకుంటాడు. మీరు రోజూ ఉప్పల్ వెళ్ళేటప్పుడు దాటే సీసీఎంబీ పరిశోధన సంస్థలో కూడా ఇలాంటి పనే చేస్తారు, ఇదేదో బెర్లిన్ వింత అనుకోవద్దని చెప్పు.

చిన్నోడికి గ్లౌజులు పంపుతున్నా. వేళ్ళు విడివిడిగా లేని రకం, ఆరూ పడతాయి.

నీ తమ్ముడు