జెడ్ లేని బండి

కావలి,
16 నవంబరు 2025.

చి.ల.సౌ. పాపకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. బండి ఫోటో చూసి "సూపర్ నాన్నా, జాగ్రత్త" అని పెట్టి ఊరుకున్నావు. ఇంకేమీ అడగలేదంటే అది భయమో కోపమో నాకు తెలియదా? ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ రెండు నిమిషాలకే ఫోను లాక్కుంటుంది. అందుకని రాస్తున్నాను. ఇన్నేళ్లూ ఈ చెయ్యి లాగ్‌షీట్లు తప్ప ఏమీ రాయలేదు, దస్తూరీకి వంకలు పెట్టొద్దు.

బండి హీరో స్ప్లెండర్ ప్లస్. నలుపు. మీ మామయ్య కొడుకు మాత్రం "బుల్లెట్ తీసుకో మామయ్యా, ఆర్టీసీ డ్రైవరంటే ఆ లెవెల్ ఉండాలి" అని ఒకటే పోరు. సరే పదరా అని వెళ్లి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ని స్టాండు మీంచి దించి చూశాను. దాని బరువు 195 కిలోలు, స్ప్లెండర్ 112. తేడా 83 కిలోలంటే మీ అమ్మ కంటే ఎక్కువే (ఈ మాట ఆమెకు చేరనీయకు). "అంతంత బస్సులు తిప్పినోడివి, దీనికి జంకుతావా" అన్నాడు. బస్సును నేనెప్పుడన్నా మోశానా? అది తన ఆరు టైర్ల మీద అది నిలబడేది. దీన్ని సిగ్నల్ దగ్గర నిలబెట్టాల్సింది నా కాళ్లే.

స్ప్లెండర్ 1994లో వచ్చింది, అప్పట్లో హీరో హోండా. నా సర్వీసంతా బస్సు అద్దంలో ఎక్కువగా కనిపించింది ఈ బండే. కలిగిరిలో ఆగిపోయినా, కొండాపురంలో ఆగిపోయినా చెట్టు కింద కూర్చునే మెకానిక్కు దీన్ని విప్పి బిగించగలడు. నాకు కావలసింది అది.

జీఎస్టీ తగ్గుతుందని తెలిసి ఆగాను. సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది, మన బండి మీద ఆరు వేలకు పైగా కలిసొచ్చింది. కలిసొచ్చిన ఆ డబ్బును షోరూమువాళ్లు ఇంకో దారిలో లాగేద్దామని చూశారు. సీటు కవరు, క్రాష్ గార్డు, పెయింటు మీద ఏదో పూత, అన్నీ నన్ను అడక్కుండానే బిల్లులో ఎక్కించారు. "ఇవి లేకుండా డెలివరీ ఉండదు సార్" అన్నాడు కుర్రాడు. "ఉండకపోతే మానె, నా సైకిలు బయటే ఉంది" అన్నాను. క్రాష్ గార్డు ఉంచి తక్కినవి కొట్టేశాడు. ఇన్సూరెన్సుకు మాత్రం బేరమాడలేదు. కొత్త బండికి థర్డ్ పార్టీ ఐదేళ్లది ఒకేసారి కట్టాలి, 2018 నుంచి అదే రూలు.

డబ్బు కంటే లైసెన్సుతోనే ఎక్కువ తంటా పడ్డాను. నాకున్నది హెవీ. దాంతో బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కొచ్చు గానీ, గేర్ల బైకు తోలకూడదు. ఆ క్లాసు వేరే. రిటైరయిన మరుసటి నెలలోనే ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకున్నాను. జవహర్ భారతి కాలేజీ గ్రౌండులో పొద్దున్నే మీ మామయ్య కొడుకు గురువు, నేను శిష్యుణ్ణి. సైకిలు బ్యాలెన్సు ఉంది కాబట్టి పడలేదు. టెస్టు రోజు డిగ్రీ పిల్లల వరసలో నిలబడ్డాను. నేలమీద ఎనిమిది అంకె వేయించారు, కాలు కింద పెట్టకూడదు. పిల్లలంతా హడావుడిగా తిప్పి కాలు ఆన్చేస్తున్నారు. నెమ్మదిగా తిప్పడంలోనే ఉంది విద్యంతా. నెల్లూరు బస్టాండులో రద్దీ వేళ బస్సు రివర్సు చేసినవాడికి అది పెద్ద పనా? ఇన్‌స్పెక్టరు నా పాత లైసెన్సు తిరగేసి, "ఆర్టీసీనా?" అని నవ్వాడు.

విజయదశమి నాడు బండి ఇంటికొచ్చింది. ఆరోజు గాంధీ జయంతి కూడా. ఏటా దసరాకు డిపోలో బస్సులకు మామిడాకులు కట్టి, టైరు కింద నిమ్మకాయ పెట్టి ముందుకు కదిలించేవాళ్లం. ఈసారి నిమ్మకాయ మీ అమ్మ పెట్టింది. నంబరు ప్లేటు బిగించాక దాన్ని చాలాసేపు చూశాను. డ్యూటీలో నేను తోలిన ప్రతి బండి నంబరులోనూ జెడ్ ఉండేది, ఆర్టీసీ బండ్లకు అదే గుర్తు. జెడ్ లేని బండి సొంతంగా నా చేతికి రావడం ఇదే మొదలు. ఇంకో సంగతి, నంబరు చూసి ఊరు చెప్పే సరదా కూడా పోయింది. 26 అంటే నెల్లూరు, 27 అంటే ఒంగోలు వైపు, 04 కడప, 07 గుంటూరు అని స్టీరింగు ముందు కూర్చుని చెప్పేసేవాణ్ణి. 2019 నుంచి కొత్త బండ్లకు జిల్లాకో కోడు పద్ధతి పోయింది. ఎదురొచ్చేవాడు ఎక్కడివాడో తెలియడం లేదు.

ఇప్పుడు నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి. మర్నాడు పొద్దున్నే తాళం జేబులో వేసుకుని బండి గేటు బయట పెట్టాను. స్టార్టు చేశాను. ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. నవ్వకు. ఇన్నేళ్లూ ఏ టైముకి బయల్దేరాలో, ఏ దారిన పోవాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో డ్యూటీ చార్టులో ఉండేది. ఇప్పుడు పెట్రోలు నాది, బండి నాది, పొద్దంతా నాది. ఏం చేసుకోను? చివరికి హ్యాండిలు దానంతటదే కలిగిరి రోడ్డు పట్టింది. దారిలో ప్రతి స్టేజీ దగ్గరా చెయ్యి యాక్సిలరేటరు వదిలేస్తోంది. స్టాపు కనిపిస్తే చాలు, బండి ఎడమకు వస్తోంది. ఒక స్టాపులో గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ముసలామె నన్ను గుర్తుపట్టింది. ఎప్పుడూ ఫస్టు బస్సుకే ఎక్కేది. "ఏం నాయనా, బస్సు యాడబెట్టినావు?" అంది. రిటైరయ్యానమ్మా, ఇది నా సొంత బండి అన్నాను. చుట్టూ తిరిగి చూసి, "మరి నా గంప ఏడ పెడతావు?" అంది. టాపు లేదు కదా, ఆమె అడిగింది న్యాయమే.

ఇక బండి లక్షణాలు. గేర్లు నాలుగూ ఒకే వైపు పడతాయి. బస్సు గేరు రాడ్డును అటూ ఇటూ లాగిన భుజానికి ఇప్పుడు పనే లేదు, అంతా పాదమే చూసుకుంటోంది. బస్సు డీజిలు ఇంజనుకు బలమంతా తక్కువ తిరుగుడులోనే ఉంటుంది. వీలైనంత త్వరగా టాప్ గేరు వేసి, యాక్సిలరేటరు మీద పాదం తేలిక చేసి కేఎంపీఎల్ (లీటరుకు వచ్చే కిలోమీటర్లు) తెప్పించడమే మా చదువు. ఎవరికి ఎంత కేఎంపీఎల్ వచ్చిందో డిపోలో లెక్క కడతారు, అందులో వెనకబడితే ఆఫీసులో నిలబెడతారు. ఈ 97 సీసీ ఇంజను లెక్క వేరు. దీనికున్న ఆ ఎనిమిది హార్స్‌పవర్లు పూర్తిగా బయటికి రావాలంటే 8000 ఆర్‌పీఎం తిరగాలి. పాత అలవాటున నెమ్మదిలోనే నాలుగో గేరు వేసేస్తే ఒళ్లంతా వణుకుతుంది. నా చెవికి అరుపులాగా వినిపించేది దానికి మామూలు మాట అని తెలియడానికి టైము పట్టింది.

చోక్ లేదు. 2020లో బీఎస్-6 అని పొగ రూలు వచ్చినప్పటి నుంచి ఫ్యూయల్ ఇంజెక్షనే. న్యూట్రల్‌లో కాసేపు ఆగితే ఇంజను తనే ఆగిపోతుంది, క్లచ్ నొక్కితే తనే లేస్తుంది. రైల్వే గేటు దగ్గర మొదటిసారి అలా ఆగిపోయినప్పుడు నిజంగానే కంగారు పడ్డాను. కొత్త బండి రోడ్డు మీద బ్రేక్‌డౌనా అని! మోటారు తెలిసినవాణ్ణి కదా, ఇంజను చప్పుడు ఆగితే ప్రాణం ఉసూరుమంటుంది. లైటు కూడా మన చేతిలో లేదు, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. ఎదురొచ్చే పెద్దవాళ్లు వేళ్లు మూసి తెరిచి సైగ చేస్తున్నారు. వాళ్లకు చెయ్యి ఊపి థాంక్స్ చెబుతున్నాను. 2017 నుంచి ఇదే పద్ధతి అని ఎంతమందికి ఆగి చెబుతాం?

ఊళ్లో అందరిదీ ఒకటే ప్రశ్న, "మైలేజీ ఎంతిస్తుంది?" పాలబ్బాయీ అదే, గుడి పూజారీ అదే. డిపో కేఎంపీఎల్ వదిలిందనుకుంటే వీధి పట్టుకుంది. ట్యాంకు 9.8 లీటర్లు పడుతుంది. ఫుల్ చేయించి, మళ్లీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, నడిచిన కిలోమీటర్లను దాంతో భాగించాలి. మీటరు ముల్లు చూసి చెప్పేదంతా కబుర్లే. అయినా కొత్త ఇంజనులో ముక్కలు ఒకదానికొకటి అలవాటు పడేదాకా ఆ లెక్క అడగకూడదు. మొదటి సర్వీసులో ఆయిలు మారుస్తారు, లోపల రాలిన ఇనుప పొడి దాంతో పోతుంది. అప్పటిదాకా వేగం యాభై లోపే. కొత్త టైర్లు కూడా మొదట్లో కొంచెం జారుతాయి, పైన మెరుపు అరిగేదాకా వంపుల్లో ఒంచకూడదు.

హైవే మాట కొంచెం శ్రద్ధగా చదువు. నువ్వు హైదరాబాదులో స్కూటీ మీద తిరుగుతావు కాబట్టి ఇది నీక్కూడా. మన ఐదో నంబరు హైవే, అదే ఇప్పుడు 16. బిట్రగుంట వైపు ఎడమ అంచున పోతున్నాను. వెనకనుంచి కంటైనరు వచ్చి దాటింది. ముందు గాలి నన్ను ఎడమకు తోసింది. లారీ మధ్యభాగం పక్కకు రాగానే అదే గాలి లారీ వైపు లాగింది. క్యాబిన్లో కూర్చుని నేను కొన్ని వేల బైకుల్ని దాటి ఉంటాను, పక్కవాడికి ఇలా ఉంటుందని ఒక్కసారి కూడా తెలియలేదు. అలాంటప్పుడు హ్యాండిలు బిగించి పట్టుకోకు. మోకాళ్లతో సీటును పట్టు, చేతులు వదులుగా ఉంచు, బ్రేకు జోలికి పోకు. దాటిపోయాక బండి తనే సర్దుకుంటుంది.

రెండోది, డ్రైవరు సీటులోంచి ఏం కనిపించదో నాకు తెలుసు. ముందు తలుపు కింద, ఎడమ పక్క, బస్సుకు ఆనుకుని ఉన్న మనిషి డ్రైవరుకు లేనట్టే. బస్సు వెనక పోయేటప్పుడు దాని సైడు అద్దంలో డ్రైవరు ముఖం నీకు కనిపించాలి. కనిపించకపోతే నువ్వు కూడా అతనికి కనిపించడం లేదని అర్థం. ఆగి ఉన్న బస్సును ఎడమవైపు నుంచి ఎప్పుడూ దాటొద్దు, ఎవరో ఒకరు దిగుతూ ఉంటారు. ఎంత తొందరున్నా సరే. స్టాపుల్లో అలా దూరేవాళ్లను చూసి క్యాబిన్లో ఎన్ని తిట్లు తిట్టేవాణ్ణో మా కండక్టర్లను అడిగితే చెబుతారు.

మీ అమ్మ సంగతి. వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ ఉండాలి, లేకపోతే వెయ్యి రూపాయల ఫైను అని చట్టం చెప్పాను. "సిగ, పూలు ఎక్కడ పెట్టుకోను" అని ఆమె పాయింటు. తుమ్మలపెంట బీచికి వెళ్లినప్పుడు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తల మీదికి వస్తేగానీ బండి కదలదన్నాను. మా బస్సులో అయితే దింపేసేవాణ్ణి అని కూడా అన్నాను. చివరికి పూలు కవరులో పెట్టుకుంది, బీచి దగ్గర దిగాక తలలో పెట్టుకుంది. ఒక పక్కకు కూర్చుంటుంది కాబట్టి బరువు ఎడమకు లాగుతుంది, నేను సర్దుకుంటున్నాను. సర్విచెట్ల నీడలో గాలి తగిలేసరికి, "బస్సులో నీ వెనక సీటులో కూర్చుంటే నీ తలకాయ వెనకభాగమే కనపడేది, ఇప్పుడూ అంతే" అంది. కానీ దిగేటప్పుడు మళ్లీ ఎప్పుడు అని అడిగింది. సర్వీసు అయ్యాక ఒక శనివారం మాలకొండకు తీసుకెళ్తానని మాటిచ్చాను. ఆ స్వామి గుడి తెరిచేది శనివారాలే కదా.

అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వానలకు బండి వరండాలోనే ఉంది. మీ అమ్మ పాత దుప్పటి కప్పింది. గాలి ఎక్కువైనప్పుడల్లా లేచి చూసి వచ్చాను. డిపోలో ఎన్ని తుఫాన్లు చూడలేదు! బస్సులను వరసగా నిలబెట్టి, సంతకం చేసి, ఇంటికొచ్చి నిద్రపోయేవాణ్ణి. ఏదన్నా ఉంటే మర్నాడు లాగ్‌షీటులో రాస్తే మెకానిక్కులు చూసుకునేవాళ్లు. ఈ బండికి లాగ్‌షీటు లేదు, రాసినా చదివేవాడు నేనే. చైను దగ్గర సన్నగా ఒక చప్పుడు వస్తోంది. షోరూములో చెబితే కొత్త బండికి మామూలే అన్నారు. నాకు మామూలుగా అనిపించడం లేదు, సర్వీసులో దగ్గరుండి చూపిస్తాను.

సంక్రాంతికి సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్టు ఇప్పుడే చేయించుకో, తర్వాత దొరకదు. తెల్లవారుజామున అయినా సరే స్టేషనుకు నేనే వస్తాను. నీ హెల్మెట్ తెచ్చుకో, ఇక్కడున్న రెండోది మీ అమ్మ తలకు కొన్నది, నీకు బిగుతవుతుంది. బ్యాగు ఒకటే తీసుకురా. రెండు తెచ్చావంటే రెండోది ఆటోలో వస్తుంది, దానికి తోడుగా నువ్వు కూడా ఆటోలోనే రావాల్సి ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ నాన్న