ఎక్కాలకు అనుమతి పత్రం ఎవరిస్తారు? కేంద్ర ఐటీ మంత్రి గారికి బరంపురం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. నేనూ నా స్నేహితుడూ కలిసి ఒక చిన్న మెసేజింగ్ యాప్ తయారుచేశాం. ల్యాబులో తీసిన రక్తపరీక్ష రిపోర్టు డాక్టరుకూ రోగికీ తప్ప మధ్యలో ఇంకెవరి కంటా పడకుండా చేరాలి, అదీ దాని పని. తెర మీది అక్షరాలు రెండు భాషల్లోనూ ఉంటాయి.

ఒక ప్రభుత్వ కార్యాలయానికి తీసుకెళ్లి చూపించాం. నచ్చిందన్నారు. ఫైలు మాత్రం కదల్లేదు. "ఈ ఎన్‌క్రిప్షన్ (మెసేజికి తాళం వేసే పద్ధతి) విదేశీ సంస్థది కదా, వాళ్ల దగ్గర అనుమతి పత్రం తెండి" అన్నారు. ఎనిమిది నెలలుగా తిరుగుతున్నాం. ఆ పత్రం ఇవ్వాల్సిన వాళ్లు అసలు ఎవరూ లేరండీ.

మేం వాడిన పద్ధతిని డబుల్ రాచెట్ అంటారు. ప్రతి మెసేజికీ తాళంచెవి మారిపోతూ ఉంటుంది. ఇవాళ్టి చెవి దొంగ చేతికి చిక్కినా నిన్నటి మెసేజీలు తెరుచుకోవు. ఆ పద్ధతిని వివరించే పత్రాన్ని సిగ్నల్ అనే అమెరికా మెసేజింగ్ యాప్ వాళ్లు 2016లో బయటపెట్టారు. దాన్ని పబ్లిక్ డొమైన్‌లో పెడుతున్నామని రచయితలు అందులోనే రాశారు. సిగ్నల్ వాళ్లు రాసిన లిబ్‌సిగ్నల్ అనే ప్రోగ్రాము సంగతి వేరు, అది ఏజీపీఎల్ లైసెన్సు కింద ఉంది. ఆ కోడ్ కలుపుకుని యాప్ ఇచ్చేవాళ్లు తమ కోడ్‌నూ అదే షరతు మీద బయటపెట్టాలి. ఆ షరతును నేను గౌరవిస్తాను. మేం ఆ కోడ్ తీసుకోలేదు, పత్రం ముందు పెట్టుకుని సొంతంగా రాశాం. నా స్నేహితుడు చదువుకునే రోజుల్లో లిబ్‌సిగ్నల్ కోడ్ చూశాడు. అందుకే తాళాల భాగం అతని చేత ఒక్క వరస కూడా రాయించలేదు.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ బాధపెట్టింది. "మీ కోడ్‌లో 256 అంకెల పట్టిక ఉంది. ఇంకో ప్రోగ్రాములోనూ అచ్చం అదే ఉంది. నకలు కొట్టారు" అన్నారు. అది ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలోని పట్టిక. బెల్జియం వాళ్లు డేమన్, రైమన్ రూపొందించిన ఆ పద్ధతిని 2001లో అమెరికా తన ప్రమాణంగా ప్రకటించింది. పట్టికలోని ప్రతి అంకే లెక్క కట్టగా వచ్చేదే. బరంపురంలో కట్టినా బ్రస్సెల్స్‌లో కట్టినా అవే 256 అంకెలు రావాలి. ఒక్కటి తప్పినా అవతలి ఫోనులో మెసేజి సరిగా తెరుచుకోదు. ఏడెనిమిదులు యాభై ఆరు అని ఇద్దరు పిల్లలు పలకల మీద రాస్తే, ఒకడు రెండోవాడి పలక చూశాడని అంటామా? ఇద్దరి తప్పులూ ఒకటే అయితే అనుమానించండి. కోడ్‌లోనూ అంతే. అవే పేర్లు, అవే వ్యాఖ్యలు, అవే పొరపాట్లు కనిపిస్తే నిలదీయండి.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రోగ్రామును సాహిత్య రచనగా చూస్తుంది. అంటే రక్షణ రాసిన రాతకు. ఆలోచనకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. మనం సంతకం చేసిన ట్రిప్స్ అనే ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం 9వ అధికరణం కూడా పద్ధతులకు, గణిత భావనలకు కాపీరైట్ వర్తించదంటుంది. మా పక్క పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల భాషకు నిఘంటువు కూర్చారు. ఆ నిఘంటువు ఆయనది, మాటలు సవరలవి. మరొకరు సవరల మధ్య కూర్చుని, విని, ఇంకో నిఘంటువు రాస్తే నకలు అనరు గదా.

పేటెంటు వేరే ప్రశ్న, అది అడగదగ్గదే. పత్రం బహిరంగంగా ఉన్నా పద్ధతి మీద పేటెంటు ఉండవచ్చు. ఆర్‌ఎస్‌ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీద అమెరికాలో 2000 సెప్టెంబరు దాకా ఉండేది. మన పేటెంటు చట్టం సెక్షన్ 3(కె) మాత్రం ఆల్గారిథమ్‌ను, అంటే లెక్క కట్టే పద్ధతిని, ఆవిష్కరణగా ఒప్పుకోదు. మీ శాఖ 2010లో ప్రకటించిన ఓపెన్ స్టాండర్డ్స్ (బహిరంగ ప్రమాణాల) విధానం కూడా రాయల్టీ లేని ప్రమాణాలను కోరింది, వీలున్నచోట భారతీయ అధికార భాషలన్నింటికీ అవకాశం ఉండాలంది.

కాపీరైట్ వ్యవహారం వాణిజ్య శాఖ కింద ఉందని తెలుసు. అయినా టెండర్లు చూసే అధికారులు ఇలాంటి విషయంలో మీ మాటే వింటారు. ఒక చిన్న సర్క్యులర్ ఇవ్వండి, తెలుగులో, ఒడియాలో కూడా. బహిరంగ స్పెసిఫికేషన్ (పద్ధతిని వివరించే పత్రం) చదివి సొంతంగా రాసిన ప్రోగ్రాముకు ఎవరి అనుమతి పత్రమూ అడగవద్దని అందులో ఉండాలి. బదులుగా కోడ్ ఎక్కడి నుంచి వచ్చిందో, దేని లైసెన్సు ఏమిటో రాతపూర్వకంగా తీసుకోమనండి. తాళంచెవులకు కావలసిన యాదృచ్ఛిక (ఎవరూ ఊహించలేని) సంఖ్యలు ఎక్కడి నుంచి తెస్తున్నారు, తాళంచెవులు ఫోనులో ఎలా దాస్తున్నారు, బయటివాళ్లెవరైనా కోడ్ పరీక్షించారా అని అడగమనండి. ఎనిమిది నెలల్లో ఈ మూడింటిలో ఒక్కటీ మమ్మల్ని ఎవరూ అడగలేదు. రోగికి నిజంగా కావలసినవి అవే.

మా కోడ్‌నూ, ఏ వరస ఏ రోజు రాశామో చూపే చరిత్రనూ మీ నిపుణుల ముందు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాం. ఈలోగా ఇక్కడి ల్యాబుల వాళ్లు రిపోర్టులను ఫోటో తీసి, పదిమంది ఉన్న గ్రూపుల్లో పెడుతూనే ఉన్నారు.

ఇట్లు,
ఒక ప్రోగ్రామరు,
బరంపురం, గంజాం జిల్లా